దేశభక్తి గేయాలు – గ్రంథాలయ సేకరణలు

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. అచ్చయిన పాటలో ఉండే అంశాలు
4. అమెరికా అనుభవం
5. తెలుగు నేలపై దేశభక్తి గేయాలు
6. నిషేధించిన పాట ఎలా మిగిలింది?
7. సూచీకరణలో వచ్చే చిక్కులు
8. భద్రత, కాపీహక్కు
9. నోటి పాటను నమోదు చేయడం
10. సారాంశం
11. మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు
12. నమూనా పరీక్ష ప్రశ్నలు
13. ముఖ్య పదాలు

1. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• అచ్చయిన పాటకూ, కవితకూ గ్రంథాలయ దృష్టిలో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• అమెరికా, తెలుగు ప్రాంతాల దేశభక్తి గేయాల సేకరణలను పోల్చి చెప్పగలుగుతారు.
• నిషిద్ధ సాహిత్యం ఏ దారుల్లో నేటివరకు మిగిలిందో తెలుసుకుంటారు.
• మీ ఊరిలో వినిపించే ఒక పాటకు కాటలాగు కార్డు స్వయంగా తయారు చేయగలుగుతారు.

2. పరిచయం

మీ ఊరి బడిలో ఆగస్టు 15న విన్న పాటను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. దాని పల్లవి మీకు నోటికి వచ్చే ఉంటుంది. ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆ పాట రాసినవారు ఎవరు? వరుస కట్టినవారు ఎవరు? మొదట ఏ ఏడాది, ఎక్కడ అచ్చయింది? మీరు పాడుతున్న చరణాలు మొదటి అచ్చులో ఉన్నవేనా? చాలామందిమి మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

ఇది మన జ్ఞాపకశక్తికి సంబంధించిన లోపం కాదు. పాటలు అచ్చయ్యే తీరే అటువంటిది. నవలను అట్ట వేసి కుడతారు, బీరువాలో నిలబెడతారు. పాట మాత్రం ఒంటి కాగితం మీద, పదహారు పేజీల చిన్న పుస్తకంలో, సభలో పంచిన కరపత్రంలో వస్తుంది. సభ ముగియగానే ఆ కాగితం పొట్లం అయిపోతుంది. ఉద్యమం నడిచిన రోజుల్లో అందరి నోటా ఉన్న పాటే, యాభై ఏళ్ల తరువాత గ్రంథాలయంలో అన్నిటికంటే అరుదైన వస్తువు అవుతుంది. అలాంటి కాగితాలను ఎవరు దాచారు, ఎలా దాచారు, ఇప్పుడు మనం చేయగలిగిన పని ఏమిటి అన్నదే ఈ పాఠ్యభాగం విషయం.

3. అచ్చయిన పాటలో ఉండే అంశాలు

కవితకు ఒకటే పాఠం ఉంటుంది, చదివితే చాలు. పాటకు కనీసం రెండు భాగాలుంటాయి: ఒకటి సాహిత్యం, రెండోది స్వరం. ఈ రెంటినీ కాగితం మీద పెట్టడానికి లోకంలో రెండు పద్ధతులున్నాయి.

మొదటి పద్ధతి స్వరలిపి. పాశ్చాత్య దేశాల్లో అయిదు గీతల మీద స్వరాలు గుర్తించి, వాటి కింద పదాలు అచ్చువేస్తారు. దీన్నే షీట్ మ్యూజిక్ అంటారు. పియానో ఉన్న ప్రతి ఇంట్లో దీనికి అవసరం ఉండేది కాబట్టి అక్కడ అది పెద్ద వ్యాపారంగా ఎదిగింది. మన కర్ణాటక సంగీత గ్రంథాల్లో సరిగమలతో రాసే లిపి కూడా ఈ కోవలోదే.

రెండవ పద్ధతి వరుస పేరు చెప్పడం. పాట పైన రాగం, తాళం వేస్తారు, లేదా జనానికి ముందే తెలిసిన మరో పాట పేరు వేసి ‘ఆ వరుస’ అంటారు. చదివేవారికి ఆ పాత పాట వచ్చి ఉంటే కొత్త పాట కూడా వచ్చినట్లే. స్వరలిపి అచ్చువేసే ఖర్చు ఉండదు, సంగీతం చదువుకోనివారు కూడా పాడగలరు. మన ఉద్యమ గేయాలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే ప్రచారమయ్యాయి.

ఈ రెండవ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. పాత పాటను జనం మరచిపోతే కొత్త పాట వరుస కూడా పోతుంది, కాగితం మీద పదాలే మిగులుతాయి. కాబట్టి వరుసను తెలిపే ఆ ఒక్క పంక్తిని అలంకారంగా భావించి వదిలివేయరాదు. దాన్ని తప్పక కాటలాగులో నమోదు చేయాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
అ) పాటల పుస్తకంలో ‘వరుస’ సూచనను కాటలాగులో ఎందుకు చేర్చాలి?

4. అమెరికా అనుభవం

దేశభక్తి గేయాల సేకరణను ఒక పద్ధతిలో పెంచిన దేశాల్లో అమెరికా ఒకటి. 1814 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకలు బాల్టిమోర్ రేవులోని మెక్‌హెన్రీ కోటపై రాత్రంతా గుండ్లు కురిపించాయి. తెల్లవారాక కోటపై జెండా ఎగురుతూనే ఉండడం చూసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే న్యాయవాది ఒక కవిత రాశారు. కొద్దిరోజుల్లోనే అది కరపత్రంగా వచ్చింది. ఆ కరపత్రంలో కవి పేరు లేదు, వరుస పేరు మాత్రం ఉంది. ఆ వరుస జాన్ స్టాఫర్డ్ స్మిత్ అనే ఆంగ్లేయుడు ఒక లండన్ సంగీత సంఘం కోసం కట్టినది. శత్రుదేశపు వరుసలో స్వదేశ గీతం పుట్టిందన్నమాట!

అదే ఏడాది బాల్టిమోర్‌కు చెందిన థామస్ కార్ దాన్ని స్వరలిపితో అచ్చువేశారు. తొందరలో ‘పేట్రియాటిక్’ అన్న మాటలో ఒక అక్షరం జారిపోయి ‘పారియాటిక్’ అని పడింది. తరువాతి ముద్రణలో దిద్దారు. నేడు తొలి ముద్రణ ప్రతిని గుర్తించడానికి గ్రంథాలయాలకు ఆ అచ్చుతప్పే ఆధారం. 1931లో ‘ది స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ ఆ దేశ జాతీయ గీతమైంది. ఇందులో మీరు గ్రహించవలసిన సూత్రం ఇది: సూచీకర్త అచ్చుతప్పును కూడా ఉన్నది ఉన్నట్లే నకలు చేయాలి. దిద్దితే ఆధారం పోతుంది.

మరో ఉదాహరణ చూడండి. ‘అమెరికా ది బ్యూటిఫుల్’ కవితను కేథరిన్ లీ బేట్స్ 1893లో పైక్స్ పీక్ శిఖరం ఎక్కినప్పటి అనుభవంతో రాశారు. అది 1895 జూలై 4న ఒక పత్రికలో వచ్చింది. ఇప్పుడు పాడుతున్న వరుస శామ్యూల్ వార్డ్ అంతకు ముందే వేరే కీర్తనకు కట్టినది. ఆ కవయిత్రీ, ఈ స్వరకర్తా ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోలేదు. ఇలాంటి పాటకు కాటలాగులో కవి, స్వరకర్త ఇద్దరి పేర్లతోనూ ప్రవేశ పదాలు ఉండాలి.

ఈ కాగితాలను దాచినవారిలో గ్రంథాలయాలతోపాటు సొంత అభిరుచితో పోగుచేసిన వ్యక్తులు కూడా ఉన్నారు. బాల్టిమోర్‌కు చెందిన లెస్టర్ లెవీ జీవితకాలం పోగుచేసిన షీట్ మ్యూజిక్ నేడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉంది. అందులో 29 వేలకు పైగా పాటలున్నాయి. ముఖచిత్రాలు, ప్రకటనలు, ధర, ప్రచురణకర్త చిరునామా అన్నీ అందులో సమాచారమే. పాట కాలం చెల్లినా ఆ కాగితం చరిత్ర చెబుతూనే ఉంటుంది.

5. తెలుగు నేలపై దేశభక్తి గేయాలు

5.1 కోస్తా, రాయలసీమ

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం చెప్పిన ఒక పద్యం ఆంధ్రదేశమంతా పాకింది. సభలో పుట్టి, నోటి ద్వారా వ్యాపించి, తరువాత పుస్తకానికి ఎక్కిన రచనకు ఇది మంచి ఉదాహరణ. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దేశభక్తి’ గేయం దీనికి భిన్నమైనది. అది కవి స్వయంగా రాసి, పత్రిక ద్వారా పాఠకులకు చేరింది. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో గరిమెళ్ల సత్యనారాయణ (1893–1952) రాసిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ మూడో రకం. ఇది పాడడానికే పుట్టిన పాట. చదువురానివారు కూడా విని నేర్చుకున్నారు. ఆ పాట రాసినందుకు కవి జైలుకు వెళ్లారు.

స్వరలిపి విషయానికి వస్తే మన ప్రాంతానికి ఒక ప్రత్యేక గౌరవం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని థియోసాఫికల్ కళాశాలలో బస చేశారు. అప్పటికి ఏడేళ్ల క్రితం, 1911 డిసెంబరులో, కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన ‘జనగణమన’ను అక్కడ ఆయన స్వయంగా పాడి వినిపించారు, ఆంగ్లంలోకి కూడా అనువదించారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో శిక్షణ పొందిన వ్యక్తి. ఆమె ఆ గీతానికి స్వరలిపి రాశారు. 1950 జనవరి 24న జాతీయ గీతమైన పాటను కాగితం మీద స్వరాలతో నిలిపిన చోట్లలో మదనపల్లె ఒకటి అని మీరు గుర్తుంచుకోండి.

5.2 తెలంగాణ

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. సభ పెట్టాలన్నా, గ్రంథాలయం తెరవాలన్నా అనుమతుల బాధ ఉండేది. అయినా హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. వీటిని నడిపినవారికి తెలుగు పుస్తకం చదివించడమే ఒక దేశసేవ. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవుల రచనలు చేరాయి. ఒక ప్రాంతం గౌరవాన్ని సేకరణతోనే, అంటే గ్రంథాలయానికి దగ్గరి పనితోనే, నిలబెట్టవచ్చని ఆ సంచిక రుజువు చేసింది.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వసతిగృహాల్లో ‘వందేమాతరం’ పాడినందుకు బహిష్కరణకు గురయ్యారు. వారిలో పలువురు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. వారిలో తరువాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఒకరు. ఒక పాట పాడడం వల్ల విద్యార్థి జీవితమే దారి మళ్లిన కాలమది.

మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైలులో ఉన్నప్పుడు కాగితం దొరక్క బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని చదివి నేర్చుకున్నారు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ కావ్యాన్ని దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి ‘దేశోద్ధారక గ్రంథమాల’ నడిపి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వ్యక్తి. గోడ మీది బొగ్గు రాతకు మొదటి ‘గ్రంథాలయం’ ఒక మిత్రుని జ్ఞాపకమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అ) ‘గోలకొండ కవుల సంచిక’ ఏ సంవత్సరంలో వెలువడింది? సంపాదకులెవరు?
ఆ) మదనపల్లెలో ‘జనగణమన’కు స్వరలిపి రాసినవారు ఎవరు?

6. నిషేధించిన పాట ఎలా మిగిలింది?

ప్రభుత్వం ఒక పాటను నిషేధించిందంటే ఇంట్లో ప్రతి దొరికినవారికి శిక్ష పడుతుంది. అలాంటప్పుడు జనం ఏం చేస్తారు? పొయ్యిలో వేస్తారు, బావిలో పడేస్తారు. ప్రజల దగ్గర ఆ పాటలు తగ్గిపోవడానికి ఇదే కారణం. మరి మిగిలినవి ఎక్కడ మిగిలాయి? నిషేధించిన ప్రభుత్వం దగ్గరే!

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, 1867 నాటి ముద్రణ, పుస్తకాల నమోదు చట్టం. ఈ చట్టం ప్రకారం అచ్చువేసినవారు ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి ఇవ్వవలసి ఉండేది. ప్రభుత్వం వాటిని మూడు నెలలకోసారి జాబితాగా ప్రకటించేది. రెండోది, కేసు నడపడానికి సాక్ష్యం కావాలి. 1910, 1931 పత్రికా చట్టాల కింద స్వాధీనం చేసుకున్న కాగితాలు ఫైళ్లలో చేరాయి. తెలుగు పాట ఆంగ్ల అధికారికి అర్థం కావాలంటే అనువాదం కావాలి కాబట్టి ఒక్కొక్కసారి పాటతోపాటు దాని ఆంగ్ల అనువాదం కూడా ఫైలులో ఉంటుంది.

ఇలా చేరినవి నేడు ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. జాతీయ పురాభిలేఖాగారం 1982లో తన దగ్గరున్న నిషిద్ధ దేశభక్తి కవితలపై ఒక సంపుటాన్ని ప్రచురించింది. బ్రిటిష్ లైబ్రరీ సేకరణకు 1985లో కాటలాగు వచ్చింది. పరిశోధకులు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. పోలీసులకు దొరికిన పాటలే ఆ ఫైళ్లలో ఉంటాయి, దొరకనివి ఉండవు. ఫైలులో లేనంతమాత్రాన పాట లేదని తీర్మానించరాదు.

స్వాతంత్ర్యం తరువాత 1954లో వచ్చిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక్కో ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా గ్రంథాలయం వంటి మరికొన్నిటికీ పంపాలి. అయితే చిన్న పాటల పుస్తకాలు వేసేవారిలో ఈ నియమం తెలిసి పాటించినవారు తక్కువ. అందుకే మన స్థానిక గ్రంథాలయాల బాధ్యత పెరుగుతుంది.

7. సూచీకరణలో వచ్చే చిక్కులు

7.1 వర్గీకరణ

డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర, పాటలు 782.42 దగ్గర ఉంటాయి. ఒకే పాటల పుస్తకం ఒక గ్రంథాలయంలో సాహిత్యం బీరువాలో, మరో గ్రంథాలయంలో సంగీతం బీరువాలో కనిపించడానికి కారణం ఇదే. ఎక్కడ పెట్టినా రెండో చోటు నుంచి దారి చూపే కార్డు ఉండాలి.

7.2 స్థల నామం, వ్యక్తి నామం

మీరు చిట్యాలలో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకోండి. ‘చిట్యాల’ అని కాటలాగులో వెతికితే ఏం వస్తుంది? జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల ఒకటి. హైదరాబాదు–విజయవాడ రహదారి మీదున్న నల్లగొండ జిల్లా చిట్యాల మరొకటి. పాలకుర్తి వీరనారి చాకలి ఐలమ్మ ఇంటిపేరు కూడా చిట్యాలే. ఊరి పేరు చెప్పి వదిలేస్తే ఈ మూడూ కలిసిపోతాయి. ఐలమ్మ మీద కట్టిన పాటను మీ ఊరి పాట అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకొక చిక్కు జిల్లాలది. 2016 అక్టోబరుకు ముందు మీ చిట్యాలా, జనగామా, మహబూబాబాదూ అన్నీ వరంగల్ జిల్లాలోనివే. పాత పుస్తకంలో ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే దాన్ని అలాగే నకలు చేసి, నేటి జిల్లా పేరును వేరుగా చేర్చాలి. ఇలా పేర్లకు ఒక నిర్ణీత రూపం ఏర్పరచి, మిగతా రూపాల నుంచి దానికి దారి చూపే పట్టికను ప్రామాణిక నామాల జాబితా అంటారు.

7.3 విషయ శీర్షిక

‘దేశభక్తి గేయాలు’ అన్న శీర్షిక చూడడానికి తేలికగానే ఉంటుంది. కాని దొరకు ఎదురు తిరిగిన రైతు పాటను దాని కింద పెట్టాలా, వద్దా? నాటి ప్రభుత్వం దాన్ని రాజద్రోహమంది. పాడినవారు న్యాయమన్నారు. తరువాతి తరం దేశభక్తి అంటోంది. శీర్షిక ఇవ్వడమంటే తీర్పు చెప్పినట్లే అవుతుంది. ఆచరణలో ఒక మార్గముంది. ఉద్యమం పేరు, కాలం, ప్రాంతం అనే మూడింటినీ శీర్షికలుగా ఇవ్వండి. అప్పుడు ఏ దృష్టితో వెతికేవారికైనా పాట దొరుకుతుంది, తీర్పు పాఠకునికే మిగులుతుంది.

8. భద్రత, కాపీహక్కు

చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది కాలక్రమంలో పసుపెక్కి, మడత దగ్గర విరిగిపోతుంది. మడతలు విప్పి ఆమ్లరహిత కాగితం మధ్య పెట్టడం, ఎండకూ తేమకూ దూరంగా ఉంచడం, సెల్లోటేపు అంటించకపోవడం కనీస జాగ్రత్తలు. టేపు జిగురు కొన్నేళ్లకు కాగితాన్నే తినేస్తుంది.

స్కాన్ చేసే ముందు కాపీహక్కు చూసుకోవాలి. మన 1957 చట్టం ప్రకారం కవి మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. గరిమెళ్ల 1952లో మరణించారు కాబట్టి ఆయన రచనలు 2013 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. దాశరథి 1987లో మరణించారు కాబట్టి ఆయన రచనలపై హక్కు 2047 చివరి వరకు ఉంటుంది. కవి పేరు లేకుండా అచ్చయిన పాటకు ప్రచురణ సంవత్సరం నుంచి లెక్క వేస్తారు.

హక్కు ఉన్నంతకాలం గ్రంథాలయం చేతులు పూర్తిగా కట్టేసినట్లు కాదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రత కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని తన వాడకానికి మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చు. ఈ నిబంధనలో కరపత్రంతోపాటు సంగీత పత్రాన్ని కూడా చట్టం పేరుపెట్టి చేర్చింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 3
అ) కాళోజీ నారాయణరావు 2002లో మరణించారు. ఆయన రచనలపై కాపీహక్కు ఎప్పటివరకు ఉంటుంది?

9. నోటి పాటను నమోదు చేయడం

తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటలు మొదట నోళ్లలోనే బతికాయి. ‘బండెనక బండి గట్టి’ పాటను బండి యాదగిరి పేరుతో చెప్పుకుంటారు. 1980లో విడుదలైన ‘మాభూమి’ చిత్రంలో గద్దర్ పాడడంతో అది రాష్ట్రమంతా తెలిసింది. మేలు జరిగింది, కాని ఒక నష్టం కూడా ఉంది. తెర మీద వచ్చిన పాఠమే అసలు పాఠమని జనం అనుకోసాగారు. ఊరూరా మారుతూ, అక్కడి దొర పేరు, అక్కడి గడీ పేరు చేర్చుకుని పాడే పాటకు ఒకే రూపం అసలుదనడానికి వీల్లేదు. మీ నాయనమ్మకు వచ్చిన చరణం సినిమాలో లేకపోతే అది తప్పు చరణం కాదు. అది మీ ఊరి చరణం.

ఆ పోరాటాన్ని చిన్నతనంలో చూసినవారు నేడు ఎనభై దాటినవారు. వారి నోటిలో ఉన్న చరణం ఏ ఫైలులోనూ లేకపోవచ్చు. కాబట్టి ఈ పాఠ్యభాగానికి అభ్యాసంగా ఈ పని చేయండి. పెద్దవారిని కలిసి, ముందు అనుమతి అడిగి, ఫోన్‌లో పాట రికార్డు చేయండి. తరువాత ఈ వివరాలు ఒక కార్డు మీద రాయండి:

• పాట మొదటి పంక్తి, పాడినవారు పలికినట్లే
• పాడినవారి పేరు, వయసు (వారు ఒప్పుకుంటేనే)
• ఊరు, మండలం, నేటి జిల్లా, పూర్వపు జిల్లా
• ఎవరి దగ్గర, ఎప్పుడు నేర్చుకున్నారు
• వరుస: ఏ పాట వరుస, లేదా ఏ సందర్భపు పాట (నాట్లు, బతుకమ్మ, ఉయ్యాల)
• రికార్డు చేసిన తేదీ, చేసినవారి పేరు

పాటలో తప్పు దొర్లిందని మీకు అనిపించినా దిద్దకండి. బాల్టిమోర్ అచ్చుతప్పును గుర్తు చేసుకోండి. రికార్డు ప్రతినీ, కార్డునూ మీ శాఖా గ్రంథాలయానికి ఇచ్చి, ఒక ప్రతి పాడినవారి ఇంటికి కూడా ఇవ్వండి. పాట ఇచ్చినవారి చేతిలో ఏమీ లేకుండా మనం వెళ్లిపోవడం సేకరణ అనిపించుకోదు.

10. సారాంశం

దేశభక్తి గేయాలు అల్పాయువు గల కాగితాల మీద వచ్చాయి కాబట్టి అవి అరుదైపోయాయి. అమెరికాలో స్వరలిపి వ్యాపారం, వ్యక్తిగత సేకరణలు వాటిని నిలిపాయి. తెలుగు నేలపై భాషానిలయాలు, మిత్రుల జ్ఞాపకం, చివరికి నిషేధించిన ప్రభుత్వాల ఫైళ్లు నిలిపాయి. పాటను నమోదు చేసేటప్పుడు వరుస, స్థల నామం, పాఠభేదం వదలరాదు. కాపీహక్కు లెక్క తెలిస్తే ఏది పంచవచ్చో తెలుస్తుంది. అచ్చుకు ఎక్కని పాటను దాచే బాధ్యత దగ్గర్లో ఉన్న చదువరిదే.

11. మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు

1. అ) స్వరలిపి లేని పాటకు వరుసను తెలిపే ఆధారం అదొక్కటే కాబట్టి.
2. అ) 1934, సురవరం ప్రతాపరెడ్డి. ఆ) మార్గరెట్ కజిన్స్.
3. అ) 2062 సంవత్సరం చివరి వరకు.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. అమెరికా, తెలుగు ప్రాంతాల దేశభక్తి గేయ సేకరణలను పోల్చండి.
2. నిషిద్ధ గేయాలు ప్రభుత్వ సేకరణల్లో మిగలడానికి గల కారణాలను, వాటి పరిమితులను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ప్రామాణిక నామాల జాబితా అవసరాన్ని ‘చిట్యాల’ ఉదాహరణతో తెలపండి.
2. విషయ శీర్షిక ఇవ్వడం తీర్పు ఎలా అవుతుంది?
3. చవక కాగితంపై అచ్చయిన పాటల పుస్తకాన్ని భద్రపరిచే పద్ధతులు రాయండి.

13. ముఖ్య పదాలు

స్వరలిపి: పాట స్వరాలను కాగితం మీద గుర్తులతో రాసే విధానం.
వరుస: పాట పాడే తీరు, తెలిసిన మరో పాట పేరుతో సూచించేది.
పురాభిలేఖాగారం: ప్రభుత్వ పాత దస్తావేజులను భద్రపరిచే సంస్థ.
పాఠభేదం: ఒకే రచన వేర్వేరు ప్రతుల్లో, వేర్వేరు నోళ్లలో వేర్వేరుగా ఉండడం.
ప్రవేశ పదం: కాటలాగులో పుస్తకాన్ని వెతకడానికి ఆధారమయ్యే పేరు లేదా మాట.